మూడో కన్నంలో వైరు లేదు

నా పేరు, ఇంటి నంబరు గుమస్తాగారు పైన రాసుకున్నారు. వయసు యాభై రెండు. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాను. మా యూనియన్ నెలనెలా తెచ్చే పత్రికకు సంపాదకుణ్ణి కూడా. నన్నెవరూ బెదిరించి ఇక్కడికి తీసుకురాలేదు. చెప్పి తీరాలన్న నిర్బంధం లేదనీ, చెప్పింది నా మెడకే చుట్టుకోవచ్చుననీ మేజిస్ట్రేటుగారు హెచ్చరించారు. అర్థమైంది. పోయిన సోమవారం పోలీసులకు నేనొక వాంగ్మూలం ఇచ్చి ఉన్నాను. అది అబద్ధం. అందుకే ఇది ఇస్తున్నాను.

మా పెరట్లో, ఇంటికి ఎడంగా, రేకుల షెడ్డు ఒకటి ఉంది. పాత స్కూటరూ, విరిగిన కుర్చీలూ, పంచకుండా మిగిలిన పత్రికల కట్టలూ అందులో పడేసేవాళ్లం. ఈ ఏడు వానలకు ముందు దాన్ని ఖాళీ చేసి లాండ్రీ నడుపుకునే ఆవిడకు ఇచ్చాను. ఆవిడ నన్ను అన్నా అంటుంది. నేను చెల్లెమ్మా అంటాను. రోడ్డు మీద ఆమె కొట్టును ఓనరు ఉన్నపళంగా ఖాళీ చేయించాడు. నేను ఆ కొట్టు ముందు నిలబడి గొంతు పోయేదాకా అరిచాను. అద్దెకుండేవాళ్లు మనుషులు కారా అని అడిగాను. జనం మూగారు. ఆ ఊపులోనే, "మా పెరట్లో షెడ్డుంది, వచ్చి పెట్టుకో చెల్లెమ్మా, అద్దె కూడా వద్దు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. అది కూడా రాసుకోండి.

షెడ్డుకు కరెంటు లేదు. ఆమెకు బట్టలుతికే మిషనూ, ఇస్త్రీ పెట్టే ఉన్నాయి. అప్లికేషను పెట్టి, ఆమె పేరున వేరే కనెక్షను తీసుకోవడం అసలు పద్ధతి. కానీ కొత్త కనెక్షనుకు కొత్తరకం మీటరు బిగిస్తారు. ముందు డబ్బు కడితేనే వెలిగే మీటరు అది. డబ్బు అయిపోతే ఇంట్లో రోగి ఉన్నా, పసిపిల్ల ఉన్నా చూడదు, ఆరిపోతుంది. ఆ మీటర్లకు ఎదురు నిలబడమని పిలుపు రాసింది నేనే. చీకటిని కూడా బజార్లో అమ్మకానికి పెట్టిన ఈ దొంగలెక్క ఏమిటంటే అయ్యా—

ఉపన్యాసం వద్దు, జరిగింది చెప్పమన్నారు మేజిస్ట్రేటుగారు. చెబుతాను.

ఊరంతా వద్దని చెప్పిన మీటరు నా పెరట్లోనే వేలాడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అదీ నా బాధ. అందుకని మా ఇంటి మీటరు నుంచే లాగుతానన్నాను. చెల్లెమ్మ అడిగింది కూడా. "నా పేరున ఓ మీటరు పెట్టించన్నా, బిల్లు నేనే కట్టుకుంటా. రేపు మాటా మాటా వస్తే నీ స్విచ్చు కింద నేనుండటం ఎందుకు?" అంది. "మనలో మనకు వేరే మీటరేంటి చెల్లెమ్మా, ఒకటే ఇల్లు, ఒకటే కరెంటు" అన్నాను. "సరేలే, నీతో వాదించి గెలిచినోడెవడు" అని నవ్వేసింది. ఆమె మాట న్యాయమైనది. నా మాట బాగా వినిపించేది. నెగ్గింది నా మాట.

వైరింగు నా చేతులతో నేనే చేశాను. ఎలక్ట్రీషియను ఎవరూ రాలేదు. వంటింటి వెనక గోడకున్న బోర్డు నుంచి వైరు తీసి, మొక్కలకు నీళ్లు పెట్టే పాత పైపులో దూర్చి, ప్రహరీ వారగా జానెడు లోతున పూడ్చి షెడ్డుదాకా తీసుకెళ్లాను. ఆ వైరు మా యూనియన్ పాత సభకు లైట్లు వేయగా మిగిలింది. అందులో రెండే తీగలు. ఇంటికి ఎడంగా ఉన్న గదికి కరెంటు తీసుకెళ్తే మూడో తీగ ఉండాలి. దాన్ని ఎర్త్ అంటాం. అక్కడే గుంత తవ్వి భూమిలోకి దించాలి. మిషను ఒంట్లోకి కరెంటు దిగినప్పుడు అది మనిషిని పట్టుకోకుండా ఆ తీగ పట్టుకుని భూమిలోకి పోతుంది. దాంతోపాటు, కరెంటు ఇలా పక్కదారి పట్టగానే దానంతటదే పడిపోయే స్విచ్చు ఒకటి పెట్టాలి. ఇవి నాకు తెలియవని ఎవరూ అనలేరు. శాఖలో కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేను.

తీగ లేదు, గుంత లేదు, స్విచ్చు లేదు. మీటర్ల మీద పెట్టబోయే సభ అయ్యాక చూద్దామనుకున్నాను. అయినా షెడ్డు గోడకు మూడు కన్నాల సాకెట్టే బిగించాను. మిషను ప్లగ్గుకు మూడు కాళ్లుంటాయి మరి. పై కన్నం, అంటే ఎర్త్ కలపాల్సిన మూడో కన్నం, దాని వెనక ఏమీ లేదు. చూసేవాళ్లకు అన్నీ ఉన్నట్టే ఉంటుంది. మూత పెట్టి స్క్రూలు తిప్పింది నేనే.

వానలు పట్టాక ఒకరోజు పొద్దున చెల్లెమ్మ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "మిషను ముట్టుకుంటే జిల్లుమంటోందన్నా. నీ ఉద్యమం దాంట్లోక్కూడా దూరినట్టుంది" అంది. నా భార్య పకపకా నవ్వింది. నేను టెస్టరు తీసుకుని వెళ్లి మిషను రేకుకు ఆనించాను. టెస్టరు వెలిగింది. బాగా వెలిగింది. చెల్లెమ్మ నా పక్కనే నిలబడి చూస్తోంది. "ఏముందన్నా?" అంది. "వానాకాలం, చెమ్మ. కాస్త ఉంటుందిలే. రబ్బరు చెప్పులేసుకుని ముట్టుకో" అన్నాను. సాయంత్రం ఆ చెప్పులు నేనే కొని తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాను. నీలం పట్టీల చెప్పులు. "అన్న అంటే ఇలా ఉండాలి" అని ఆమె వీధిలో చెప్పుకుంది.

ఎర్త్ లేనిచోట చెప్పులేసుకోమనడం మా వాళ్లందరికీ అలవాటే. ఎవరింట్లో ఫ్రిజ్ జిల్లుమన్నా అదే మందు. ఆ అలవాటు మీద నేనే ఒక వ్యాసం రాశాను. చాలా ఘాటుగా రాశాను.

పోయిన సోమవారం పది దాటి పావుగంట అయింది. నేను ముందుగదిలో పత్రిక ప్రూఫులు దిద్దుతున్నాను. అది ప్రత్యేక సంచిక. పోయిన నెలలో మా శాఖ కుర్రాడొకడు కరెంటు స్తంభం మీదే పోయాడు. సప్లై ఆపకుండా ఎక్కించింది అధికారులు. రిపోర్టులో మాత్రం "తడి చేతులతో ముట్టుకున్నందున" అని రాశారు. వానలో స్తంభం ఎక్కినవాడి చెయ్యి తడిగా కాక ఎలా ఉంటుందిరా అని నేను మొదటి పేజీలో అడిగాను. ఆ ప్రూఫే నా చేతిలో ఉంది. పెరట్లో టబ్బు బోర్లా పడిన చప్పుడైంది. మనిషి అరుపు లేదు. నా భార్యే ముందు పరుగెత్తింది. షెడ్డు గుమ్మం నుంచి చూసి, లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కొచ్చి మెయిన్ లాగేసింది. ఇన్నేళ్ల కాపురంలో నా దగ్గర నేర్చుకున్నది ఆ ఒక్కటీ ఆమెకు పనికొచ్చింది.

చెల్లెమ్మ కుడిచెయ్యి మిషను మూత మీద ఉంది. ఎడమచెయ్యి కిటికీ ఇనప చువ్వ మీద ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. నీలం పట్టీలు చెక్కు చెదరలేదు. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోయే కరెంటుకు కాళ్ల చెప్పులు ఏం అడ్డం? ఊపిరి లేదు. గుండె నొక్కాను. నోట్లో నోరు పెట్టి గాలి ఊదాను. ఊపిరి వచ్చింది. ఆ పని మాత్రం సరిగా చేశాను.

ఆసుపత్రి వరండాలో ఎస్సైగారు ఎలా జరిగిందని అడిగారు. నా నోటి నుంచి వచ్చిన మాట యథాతథంగా చెబుతున్నాను: "తడి చేత్తో ముట్టుకుంది సార్. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

ఎవరూ నాకు ఆ మాట నేర్పలేదు. తడుముకోలేదు కూడా. ఇన్నాళ్లూ ఎవరి మీద దుమ్మెత్తి పోశానో వాళ్ల మాట, అక్షరం పొల్లుపోకుండా, నా నోట్లోనే సిద్ధంగా ఉంది. రెండో వాక్యం నా సొంతం. ఆమె వినలేదన్నది పచ్చి అబద్ధం. విన్నది కాబట్టే ఆమె కాళ్లకు చెప్పులున్నాయి. బట్టలుతికే మనిషి చెయ్యి తడిగా కాక ఎలా ఉంటుంది?

నా భార్య బెంచీ మీద కూర్చుని అంతా విన్నది. ఎస్సైగారు వెళ్లాక, "ఆ మాట అన్నవాళ్లను తిట్టడానికి మీవాళ్లు వచ్చినప్పుడల్లా టీలు కాచి కాచి నా చేతులు కాలాయి. అది మీ నోట వినడానికా నేను కాచింది?" అంది. అప్పటినుంచి చెల్లెమ్మ దగ్గర ఆసుపత్రిలోనే ఉంటోంది.

ఇప్పుడు అసలు నేరం చెబుతాను. పైన చెప్పినదాన్ని పొరపాటు అనుకునేవాళ్లు ఉండొచ్చు. దీన్ని అనలేరు.

ఆ మధ్యాహ్నం ఒకటిన్నరకు నేను ఒక్కణ్ణే ఇంటికొచ్చాను. నాలుగింటికి తనిఖీ ఉందని తెలుసు. షెడ్డు వెనక గుంత తవ్వి, ఇనప రాడ్డు దింపి, నీళ్లు పోసి, ఆకుపచ్చ వైరు ఒకటి లాగి, సాకెట్టు మూత ఊడదీసి, మూడో కన్నానికి కలిపాను. కొత్త మట్టి కనబడకుండా దాని మీద చెల్లెమ్మ టబ్బు బోర్లించాను. తనిఖీకి వచ్చిన అధికారి నాకంటే చిన్నవాడు, నా దగ్గర పాఠం విన్నవాడు. ఎర్త్ కొలిచే మీటరు పెట్టి చూశాడు. "మీ ఇంట్లో ఎర్త్ లేకపోతే ఇంకెవరింట్లో ఉంటుంది సార్!" అన్నాడు. టబ్బు కదిలించలేదు. ఎర్తింగ్ సక్రమంగా ఉన్నదనీ, ప్రమాదానికి బాధితురాలి అజాగ్రత్తే కారణమనీ రాసి సంతకం పెట్టాడు. అతనికి నిజం తెలియదు. అతని మీద చర్య వద్దు.

బుధవారం మా యూనియన్ ప్రెసిడెంటు ఇంటికొచ్చి కూర్చున్నాడు. అంతా చెప్పాను. "నోరు మెదపకు. నువ్వు మునిగితే పత్రిక మునుగుతుంది. ఆ స్తంభం మీద పోయిన కుర్రాడి కేసులో రేపు పైవాళ్లు నీ పేరే చూపించి తప్పించుకుంటారు. ఉద్యమం పెద్దదా, లాండ్రీ పెద్దదా?" అన్నాడు. నాకు ఆ మాట హాయిగా అనిపించింది. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తిన్నాను. అది కూడా రాసుకోండి.

నిన్న పొద్దున ఆసుపత్రికి వెళ్లాను. చెల్లెమ్మ కళ్లు తెరిచే ఉంది. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు, పట్టు మళ్లీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టరు. ఆ చేత్తోనే ఆమె ఇస్త్రీ చేసేది. నన్ను చూసి లేవబోయింది. "తప్పయిపోయిందన్నా. చెప్పావు కదా, తడి చేత్తో ముట్టుకోవద్దని. నాకు గుర్తు లేదు గానీ నువ్వు చెప్పే ఉంటావు. నా మూలాన నీ గుమ్మంలోకి పోలీసులొచ్చారు" అంది. అంతకుముందు రోజే పోలీసులు వచ్చి, నేను చెప్పింది వినిపించి, ఆమె దగ్గర వాంగ్మూలం తీసుకున్నారట. తప్పంతా తనదేనని చెప్పిందట. సంతకం పెట్టే చెయ్యి పనిచెయ్యదు కాబట్టి ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారట. "నీ పేరు రానివ్వలేదు అన్నా" అంది. ఓదార్పుగా చెప్పింది.

నేను చెప్పనేలేదు అయ్యా, తడి చేత్తో ముట్టుకోవద్దని. చెప్పులేసుకోమని మాత్రమే చెప్పాను. జరగని హెచ్చరిక ఒకటి నేను సృష్టిస్తే, అది ఆమె తలలోకి కూడా పోయి కూర్చుంది. ఇన్నేళ్లు మైకు ముందు మాట్లాడి నేను సంపాదించుకున్న నమ్మకం అది. అది తప్పని ఆమెకు చెప్పకుండానే మంచం పక్క నుంచి తిరిగొచ్చాను.

ప్రహరీ వారగా తవ్వి చూడండి. పైపులో రెండు తీగలే ఉంటాయి. షెడ్డు వెనక రాడ్డు పెకలించి చూడండి, దానికి తుప్పు పట్టే వ్యవధి కూడా ఉండలేదు. తనిఖీ రిపోర్టులో ఆమె అజాగ్రత్త అని రాసిన చోట అది తప్పని నమోదు చెయ్యమని కోరుతున్నాను. నాకు ఏ శిక్ష పడినా, ఉద్యోగం పోయినా ఒప్పుకుంటాను.

ఇదంతా ముందు ఆమెకు చెప్పారా అని మేజిస్ట్రేటుగారు అడిగారు. చెప్పలేదు. ఆమెకు ముందు చెబితే, "వద్దన్నా, ఊరుకో, అయిందేదో అయింది" అంటుంది. నేను ఊరుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే ముందు ఇక్కడికి వచ్చాను. నన్ను అదుపులోకి తీసుకునేట్టయితే, దయచేసి ఆసుపత్రి మీదుగా తీసుకెళ్లమని మనవి. ఈ సంగతి ఆమె ఏ కానిస్టేబులు నోటో వినకూడదు. నేను ఆమె మంచం పక్కన నిలబడి, ఆమె మొహం చూస్తూ చెప్పాలి.

ఆమె వేలిముద్ర వేసిన వాంగ్మూలం నా అబద్ధాన్ని నమ్మి ఇచ్చింది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. దీన్ని తీసుకోండి. గుమస్తాగారు మొత్తం చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, చెప్పనిది ఏదీ చేరలేదు. ఇందులో ప్రతి మాటా నిజమని ఒప్పుకుని, నా ఇష్టపూర్వకంగా ఈ కింద చేవ్రాలు చేస్తున్నాను.

(సంతకం)