గేటు దాటాక

ఆమె చదివే బడిలోనే నాన్న సైన్సు మాస్టారు. గేటు లోపల ‘సార్’ అనాలి, గేటు దాటాకే ‘నాన్నా’ అనాలి. చిన్నప్పుడు ఆయన పెట్టిన ఆ నియమం ఆమె ఏనాడూ తప్పలేదు. ఆ సాయంత్రం ల్యాబ్‌లో టెస్ట్‌ట్యూబులు కడుగుతూ అడిగింది.

“స్కాలర్‌షిప్‌కి నా పేరెందుకు పంపలేదు సార్?”

“బడికి ఒక్క పేరే పంపమన్నారు. సెకండ్ వచ్చినబ్బాయిది పంపాను.”

“ఫస్ట్ వచ్చింది నేను కదా!”

“కూతురికే కట్టబెట్టుకున్నాడని నలుగురూ ఆడిపోసుకుంటారమ్మా.”

“మీ మంచిపేరు కోసం నా నోట్లో మట్టి కొట్టారన్నమాట. పోనీ, నేనే అప్లై చేసుకుంటాను.”

“దానికి అప్లికేషన్లుండవు. మాస్టార్లు ఎవరి పేరు చెబితే వాళ్లనే పిలుస్తారు.”

“అంటే మీరు చెప్పకపోతే నేను లేనట్టేనా?”

ఆయన బీరువా తలుపులు మూసి తాళం వేశారు.

“నేను ఇంకెవరి కూతుర్నైనా అయ్యుంటే?”

“కళ్లు మూసుకుని నీ పేరే రాసేవాణ్ణి.”

ఆమె ఆఖరి ట్యూబు స్టాండులో బోర్లించి, సంచీ తగిలించుకుని బయటికి నడిచింది. గేటు దాటాక ఆయన స్కూటరు ఆమె పక్కన ఆగింది.

“ఎక్కమ్మా. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం.”

“నేను నడిచొస్తాను. మీరు వెళ్లండి సార్.”