కాస్త అటు తిరుగు వదినా

ఆ బల్ల మీద కూర్చోకు నగ్మా, అది కూర్చునేది కాదే. మీ దాదీ మాట విను. అది ఖుర్షిదా ఆపాది. ఆవిడ పోయి పదేళ్ళు దాటింది, అప్పటికి నువ్వు చిన్నదానివి, అంతగా గుర్తుండదులే. మన ఆడవాళ్ళలో ఎవరు పోయినా గుసుల్, అదే, ఆఖరి స్నానం, ఆవిడే ఆ బల్ల మీద చేయించేది. మగాడి చెయ్యి తగలకూడదు కదా. ఒకరు నీళ్ళు పొయ్యాలి, ఇద్దరు పట్టి తిప్పాలి. అప్పట్లో కబురందితే పదిమంది కోడళ్ళు కొంగు బిగించుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడెవరున్నారు? నువ్వేమో మంగళగిరి ఆఫీసులో, మీ అక్క ఒంగోల్లో. పిల్లల్లేరని బడి మూసేసి అందులో బీపీ మాత్రలు పంచుతున్నారు. వీధిలో ముప్పైయేళ్ళ మనిషి కనబడితే కరెంటు మీటరు చూడ్డానికొచ్చాడనుకుంటాం. నవ్వకు. ఏం చెబుతున్నాను? ఆఁ, తిప్పడం. తిప్పేవాళ్ళకి మోకాళ్ళు పట్టేసి ఒక్కొక్కరే మానుకున్నారు. చివరికి ఆపా ఒక్కతే మిగిలింది. డెబ్భై రెండేళ్ళు, పిడికెడు మనిషి.

సలీం వాళ్ళమ్మ పోయిన రోజు నీళ్ళు పొయ్యడానికి నన్ను పిలిచింది. ఆ మహాతల్లి పత్తి కుక్కిన బోరెంలా ఉండేది. "ఇద్దరం ముసలాళ్ళం, ఎట్టా తిప్పుతాం ఆపా?" అన్నాను. "నువ్వు నోరు మూసుకుని నీళ్ళు పొయ్యి మస్తాన్‌బీ" అని, శవం చెవి దగ్గరికి వంగి, "వదినా, మాలో సత్తువ లేదు, కాస్త అటు తిరుగు" అంది, నిద్దట్లో ఉన్న పసిదానికి చెప్పినట్టు. ఆపా చేతులు రెండూ తన ఒళ్ళోనే ఉన్నాయి. నేను చూశాను. దుప్పటి కింద భుజం లేచింది. నా చేతిలో చెంబు జారిపోయింది. "వాళ్ళకి తెలుసే మన సంగతి. ఒక్క మాట చెప్పే ఆడది ఉంటే చాలు, బరువు పెట్టరు" అంది ఆపా.

ఆపాకి ఎవరు చేశారా? నేనే, ఇంకెవరు? తలుపేసుకుని ఒక్కదాన్నే. రేగాకు నీళ్ళు పోసి, చెవి దగ్గర వంగి, "ఆపా, కాస్త అటు తిరుగు" అన్నాను. తిరిగింది. అటు కాదు. నా వైపు.

అప్పట్నుంచీ ఈ ఊళ్ళో అందరికీ నేనే. అందరూ మాట విన్నారు. మరి నాకు చెప్పేదెవరే? మగాళ్ళంతా తలుపవతలే ఉంటారు. ఏదీ, ఇలా దగ్గరికి రా. ఇదిగో, ఈ చెవిలో. "దాదీ, కాస్త అటు తిరుగు" అను. ఒక్కసారి అను, ఎట్టా అంటావో వింటాను. లేస్తావేం? బస్సు ఆరింటికి కదూ...