వేళ్ళు కనపడాలి

"ముందు కవరు తీసెయ్యాలి. చార్జరు పీకెయ్యాలి. బ్రైట్‌నెస్ తగ్గించాలి. లొకేషన్ ఆపాలి, బ్లూటూత్ ఆపాలి, వెనకాల తెరిచి వదిలేసినవన్నీ మూసెయ్యాలి. ఆ కిటికీ దగ్గర్నుంచి జరపాలి. వాళ్ళు మళ్ళీ కాల్ చేసేలోపు ఇవన్నీ అయిపోవాలి. అమ్మా, వింటున్నావా?"

"వింటున్నానే. వినక ఎక్కడికి పోతాను?"

"అయితే ఫోను ఇటివ్వు."

"ఇస్తాలే. కాస్త చల్లబడనీ."

"ఎక్కడ చల్లబడుతోంది? ఎక్కడ పెట్టావు?"

"ఫ్రిజ్‌లో."

"ఫ్రిజ్‌లోనా!"

"వేడెక్కిందని నువ్వేగా అన్నావు. పాలగిన్నె పక్కన ఖాళీ ఉంటే పెట్టాను."

"లోపల చెమ్మ పట్టిందంటే మొత్తానికే పోతుందమ్మా! తియ్యి. తియ్యి బయటికి."

"వేడెక్కితే తప్పు, చల్లారిస్తే తప్పు. నీ చదువుకో దణ్ణం. ఇదిగో, పట్టు."

"హమ్మయ్య, బతికే ఉంది. కవరు ఎందుకు తియ్యలేదు?"

"కిందపడితే పగిలిపోతుందని."

"దుప్పటంత మందంగా ఉంది. ఫోనుకి దీన్ని తొడిగి, ఎండలో నిలబెట్టి, చార్జింగు పెట్టి, వీడియో కాల్ చేస్తే వేడెక్కకుండా ఏం చేస్తుంది? పొద్దున ఎక్కడ పెట్టి మాట్లాడావు తమ్ముడితో?"

"వంటింట్లోనే."

"వంటింట్లో ఎక్కడ?"

"పొయ్యి గట్టు మీద."

"గట్టు మీద ఊరికే నిలబడదుగా. దేనికి ఆనించావు?"

"కుక్కరుకి."

"కుక్కరుకా!"

"అట్లా చూడకు. వాడితో మాట్లాడాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. ఫోను పట్టుకుంటే ఒక చెయ్యి పోయె. ఒంటి చేత్తో నేను ఏం సైగ చేసినా వాడికి నత్తి నత్తిగా ఉంటుందట. అందుకని రోజూ కుక్కరుకి ఆనిస్తాను. సరిగ్గా నా మొహానికి ఎత్తు సరిపోతుంది."

"అప్పుడే దింపిన కుక్కరా?"

"దింపి ఎంతోసేపు కాలేదు."

"అమ్మా, కంపెనీవాళ్ళు తమ్ముడి మాట విందామని ఫోన్ చేస్తే, నువ్వు దాన్ని ఉడకబెట్టావు."

"ఏం, నేను కావాలని చేశానా? కావాలని ఎవరైనా చేస్తారా?"

"ఆఫీసులో సగం రోజు సెలవు చెప్పి, మా సార్ మొహం చిట్లించుకుంటుంటే చూడనట్టు వచ్చేశాను. ఆ మేనేజరు ఇంకొక్కసారి చేస్తానన్నాడు. ఈసారి కూడా మధ్యలో ఆగిపోతే, అబ్బాయి ఏమీ చెప్పలేదని రాసుకుని ఫైలు మూసేస్తాడు. అర్థమవుతోందా నీకు?"

"మూస్తే మూసుకోనీ. మనకేం?"

"మనకేమా? మనోడితో పనిచేసే ఆ బక్కోడి చెయ్యి ప్రెస్సు కింద నలిగిపోయిందమ్మా. చెయ్యి లోపలికి పోకుండా మిషనుకి అడ్డంగా ఉండాల్సిన జాలీ ఆ రోజు లేదు. ఎవరు విప్పారో తేలాలి. బక్కోడే విప్పుకున్నాడు, తప్పు వాడిదే అని రాసేస్తే ఆసుపత్రిలో ఉన్నవాణ్ణి పైసా ఇవ్వకుండా అట్నుంచి అటే ఇంటికి పంపేస్తారు. ఆ మిషను మీద ఉండేది వాళ్ళిద్దరే. బక్కోడు, మనోడు. చూస్తే మనోడే చూడాలి."

"చూశాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వాణ్ణే అడుగుతాం. అందుకేగా ఈ తంటా అంతా."

"తెలియదంటే సరిపోతుంది కదే. అంత దూరం ఎందుకు?"

"తెలిస్తే తెలుసంటాడు, తెలియకపోతే లేదంటాడు. వాడిష్టం. ముందు ఇది చూడనీ. లొకేషన్ ఆపాను. బ్లూటూత్ ఎందుకు ఆన్‌లో ఉంది?"

"నాకేం తెలుసు? ఆ నీలం గుర్తు బాగుందని వదిలేశాను."

"ఇదేంటి? హాట్‌స్పాట్! హాట్‌స్పాట్ ఎవరికిచ్చావు?"

"పక్కింటావిడకి. పొద్దున్నే వాళ్ళబ్బాయి వచ్చి ఏదో నొక్కి వెళ్ళాడు. ఆవిడ సీరియల్ చూసుకుంటుందట. ఆవిడ ఫోనులో నెట్ అయిపోయిందట పాపం."

"పొద్దున్నుంచీ ఆవిడ సీరియల్ కూడా దీని నెత్తి మీదే నడుస్తోందా?"

"ఆపేశావా? ఇవాళ ఆ కోడలు తిరిగొచ్చే భాగం. ఇప్పుడు తలుపు కొడుతుంది చూడు."

"కొట్టనీ. ఫోటోల బ్యాకప్ కూడా నడుస్తోంది. ఆపాను. వెనకాల తెరిచినవి... అమ్మా, ఇన్ని ఎందుకు తెరిచావు? టార్చి కూడా వెలుగుతోంది."

"కుక్కరు నీడ నా చేతుల మీద పడుతోందని వేశాను."

"టార్చి ఫోను వెనక ఉంటుంది. నీ చేతులు ముందుంటాయి. అది కుక్కరుకి దీపం పెట్టినట్టు అయింది."

"పోనీ, కుక్కరన్నా బాగా కనపడింది."

"నవ్వించకు. నాకు ఒళ్ళు మండుతోంది. 5జి తీసేసి 4జి పెట్టాను. ఇంక బ్రైట్‌నెస్."

"అది తగ్గించకు."

"తగ్గించాలి."

"తగ్గిస్తే నాకు మసగ్గా ఉంటుందే. కంటి మీద పొర వచ్చిందని డాక్టరు చెప్పలేదూ?"

"అందుకే గది లోపలికి రమ్మంటున్నాను. కిటికీ దగ్గర ఎండలో ఎంత పెంచినా నీకు కనపడదు. నీడలోకొస్తే తక్కువలోనే కనపడుతుంది."

"నీడలో నేనుంటే వాడికి నా చేతులు కనపడొద్దూ?"

"నువ్వు లైటు కింద నిలబడు. ఫోను నీడలో ఉంటుంది. ఇటు రా. ఇంకాస్త. ఆ, అక్కడ. ఇప్పుడు చూడు, తెర కనపడుతోందా?"

"కనపడుతోంది. అవునే, బాగానే ఉంది."

"పవర్ సేవర్ అని ఒకటుంది. అది పెడితే ఇంకా చల్లగా ఉంటుంది గానీ..."

"గానీ?"

"బొమ్మ పలచబడుతుంది. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఫోను మీద మాట్లాడుకునేవాళ్ళకి పరవాలేదు. మనకి పనికిరాదు. వేళ్ళు కనపడాలి."

"ఆగిపోతే ఆగిపోయింది అనుకోకుండా, ఎంత అవస్థ పడుతున్నావే."

"ఆ మాటేంటి? నువ్వు ఎందుకు ఇట్లా మాట్లాడుతున్నావు? వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. నేను ఒకటి సరిచేస్తే నువ్వొకటి వద్దంటావు. వాడు రాయలేడు. వాడివి బళ్ళో నేర్పే సైగలు కూడా కావు, మనింట్లో మనం కల్పించుకున్నవి. ఫోనులో నువ్వో నేనో లేకపోతే వాడేం చెప్పినా అక్కడున్నవాళ్ళకి ఈగలు తోలుకున్నట్టే ఉంటుంది."

"నేనేమన్నానే ఇప్పుడు? ఆ పని ఇప్పించింది ఆ సూపర్‌వైజరు బాబు. మీ పిన్ని చేత చెప్పించి, కాళ్ళావేళ్ళా పడి ఇప్పించుకున్నాను. ఆయన మొహం చూసైనా, ఎక్కువ మాట్లాడకుండా ఉంటే మంచిదని."

"సూపర్‌వైజరుకీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం లేదు. ఊరికే అన్నాను."

"అమ్మా?"

"ఏం లేదన్నానా. అదుగో, మోగుతోంది."

"ఆగు, ఫోను నేను పట్టుకుంటాను. ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో వెనకనుంచి ఈ అట్టతో విసురుతాను. నువ్వు ఎదురుగా నిలబడి వాడితో మాట్లాడు. నొక్కాను. నమస్తే సార్."

"నమస్తే. అమ్మగారూ, నేను మేనేజర్ని. కనపడుతున్నానా?"

"కనపడుతున్నారయ్యా. దణ్ణాలు. పక్కన సూపర్‌వైజరు బాబేగా? బాబూ, బాగున్నారా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

"ఆయనా ఉన్నారమ్మా, ఇక్కడే కూర్చున్నారు. ఫోను పొద్దుటిలా ఆగిపోదుగా?"

"ఆగదు సార్. నేను వాళ్ళ అక్కని. ఫోను నా చేతిలోనే ఉంది. మీరు అడగండి."

"మంచిది. మీ అబ్బాయి ఇదిగో, నా ముందే ఉన్నాడు. మొదట ఇది అడగండమ్మా. ప్రమాదం జరిగినప్పుడు అతను మిషను దగ్గరే ఉన్నాడా?"

"అడుగుతున్నానయ్యా... ఉన్నానంటున్నాడు."

"అప్పుడు మిషనుకి జాలీ ఉందా?"

"లేదంటున్నాడు."

"సరే. ఎవరు విప్పారో చూశాడా?"

"అడుగుతాను... ఇదిగో, అడుగుతున్నా... చూడలేదంటున్నాడయ్యా. తనకేమీ తెలియదంటున్నాడు."

"చాలాసేపు చేతులు తిప్పాడు కదమ్మా. తెలియదు అనడానికి అంతసేపు పడుతుందా?"

"వాడంతేనయ్యా. చిన్నప్పట్నుంచీ వాగుడెక్కువ."

"ఇంకొక్కసారి అడగండి. జాలీ ఎవరు విప్పారు?"

"అడుగుతా... అడుగుతున్నా... అయ్యా, ఫోను వేడెక్కిపోతోందయ్యా. ఆగిపోయేలా ఉంది. తెలియదనే రాసుకోండి, ఉంటాను మరి..."

"అమ్మా."

"నువ్వుండవే."

"ఫోను చల్లగా ఉంది."

"నీకేం తెలుసు?"

"నా చేతిలోనే ఉందమ్మా. చల్లగా ఉంది. వాడేమంటున్నాడో ఇటువైపు నుంచి నాకు కనపడదు. నీ చేతులు కనపడుతున్నాయి. ఆయన అడిగింది జాలీ ఎవరు విప్పారని. నువ్వు వాణ్ణి అడిగింది తిన్నావా అని. రెండోసారీ అదే అడిగావు. ఆ తర్వాత, చెప్పకు, చెప్పకు అన్నావు."

"ఏంటమ్మా? ఏం జరుగుతోంది అక్కడ?"

"ఒక్క నిమిషం సార్. దయచేసి కట్ చెయ్యకండి. ...మైకు ఆపాను. ఇప్పుడు చెప్పు. వాడేం చెప్తాడో నీకు పొద్దున్నే తెలుసు, కదూ? పొద్దున ఫోను దానంతటదే ఆగిందా?"

"వేడెక్కింది. ఒట్టు, నిజంగానే వేడెక్కింది. పట్టుకుంటే చెయ్యి కాలింది."

"ఆగిందా?"

"నేనే నొక్కాను."

"అమ్మా..."

"ఏం చెయ్యమంటావు? ఆ మనిషి అక్కడే కూర్చున్నాడు. ఆయన ముందే వీడు ఆయన్ని వేలెత్తి చూపించబోయాడు. పని ఇప్పించినవాణ్ణే. రేపట్నుంచి వీణ్ణి ఉంచుతారా అక్కడ? ఎన్ని గుమ్మాలు తిప్పాను వాణ్ణి వెంటేసుకుని! మాట రానివాడు మాకెందుకమ్మా అని ఎన్ని తలుపులు వేశారు మా మొహాన! నువ్వు కాలేజీలో ఉన్నావు అప్పుడు, నీకు తెలియదు. ఈ పని పోతే వాణ్ణి ఎవరు చూస్తారు, నువ్వు చూస్తావా?"

"ఏమో. నా జీతం ఎంతో నీకు తెలుసు. చూస్తానని గట్టిగా చెప్పలేను. కానీ వాడు అననిది వాడన్నాడని నేను చెప్పను."

"నీ తమ్ముడి కడుపు కొట్టకే తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

"వాడు చూస్తున్నాడమ్మా. మన నోళ్ళు కదలడం చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు చుట్టాలొస్తే గుమ్మంలో నిలబడేవాడు చూడు, అట్లాగే. ఫోను నువ్వు పట్టుకో. నాకు రెండు చేతులూ కావాలి."

"నేను పట్టుకోను."

"అయితే ఈ డబ్బాకి ఆనిస్తాను."

"జారి పడుతుంది... పగులుతుందే... ఇటివ్వు. పట్టుకుంటాలే. ఇటివ్వు."

"సార్, మైకు తెరిచాను. ఇప్పటిదాకా మేం చెప్పిందాంట్లో ఆఖరిది కొట్టెయ్యండి. అది తమ్ముడి మాట కాదు. అమ్మ భయపడింది."

"ఎవరికి భయపడింది?"

"తమ్ముడే చెప్తాడు సార్. అడుగుతున్నాను, వాడు నన్ను చూసేలా ఫోను కాస్త పైకెత్తండి. ...ఆ. ...సరే. ...జాలీ విప్పింది సూపర్‌వైజరు గారేనంటున్నాడు. మిషనులో డబ్బా మూతలు తొందరగా పడట్లేదని ఆయనే స్క్రూలు తీసి, జాలీని గోడకి చేర్చి పెట్టారట. బక్కోడు వద్దన్నాడట. అడ్డం కూడా నిలబడ్డాడట. పని చేస్తావా, ఇంటికి పోతావా అని ఆయన తలుపు చూపించారట."

"సూపర్‌వైజరు గారూ, కూర్చోండి. కూర్చోండి, అతన్ని పూర్తిగా చెప్పనివ్వండి. ...అమ్మాయీ, ఇది చెబితే ఇక్కడ తనకి ఇబ్బంది కావచ్చని మీ తమ్ముడికి తెలుసా?"

"అడుగుతున్నాను... తెలుసంటున్నాడు."

"సరే, రాస్తున్నాను. తన గురించి ఏమైనా చెప్పుకోవాలా? పని గురించి, ఇంకేదైనా?"

"అడుగుతున్నాను సార్... లేదట. తన సంగతి ఏమీ లేదట. బక్కోడి గురించే... అమ్మా, ఫోను కదపకు, వాడు ఇంకా చెప్తున్నాడు. ...ఇది నాకూ తెలియదు సార్, ఇప్పుడే చెప్తున్నాడు. చేరిన కొత్తలో వీడితో ఎవరూ మాట్లాడకపోతే, బక్కోడే రోజూ భోజనాల దగ్గర కూర్చుని మా ఇంటి సైగలన్నీ ఒక్కొక్కటే నేర్చుకున్నాడట. ఆ ఫ్యాక్టరీ మొత్తంలో తనతో మాట్లాడిన చెయ్యి అదొక్కటేనట. మిషను కింద పడింది ఆ చెయ్యేనట. మీరేం రాసుకున్నా సరే, ఆ మనిషిని మాత్రం మర్చిపోకండి అంటున్నాడు."