రెండు పురికొసల మధ్య బెల్లం ధర

సన్యాసినాయుడికి గోడ పిచ్చి. అనకాపల్లి అవతల మా పక్కూరాయనే, చెరుకు వేసి బెల్లం వండే రైతు. గోడ పిచ్చేమిటంటారా, చెప్తాను, తొందరపెట్టకండి. పశువుల శాల వెనక గోడకి తెల్లగా సున్నం కొట్టించి, రోజూ బజారు మూసేవేళకి బెల్లం ధర కనుక్కొచ్చి, ఆ గోడ మీద ఒక మసిబొట్టు పెట్టేవాడంట. ధర పెరిగితే నిన్నటి బొట్టుకంటే పైన, తగ్గితే కింద, అలా ఒకదాని పక్కన ఒకటి. చలికాలమంతా ఆ బొట్లు మెట్లెక్కినట్టు ఎక్కాయంట. ఎండలొచ్చేసరికి ఏమైందంటే, పెరగడం ఆగిపోయింది. పోనీ పడిందా, పడనూ లేదు. కాస్త ఎక్కడం, కాస్త దిగడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దిగడం. చెడుగుడు ఆడేవాడు కూతపెట్టుకుంటూ గీతదాకా వెళ్లి వెనక్కొస్తాడు చూడండి, అచ్చం అలాగ అనుకోండి. నాయుడు చూసి చూసి, బొట్లు పైన ఎక్కడ ఆగుతున్నాయో అక్కడ మేకులు కొట్టి అడ్డంగా ఒక పురికొస కట్టాడు, కింద ఆగేచోట ఇంకోటి కట్టాడు. నేను విశాఖపట్నంలో బీఏ చదివేటప్పుడు మా ఎకనామిక్స్ మేష్టారూ బోర్డు మీద ఇలాంటి గీతలే గీసేవారు. కిటికీలోంచి సముద్రం కనపడేది, ఇంక గీతలెవడు చూస్తాడు? సరే, ఎక్కడున్నాం? ఆ, పురికొసలు.

ఇంట్లో చూస్తే గదినిండా బెల్లం దిమ్మలు. వాన పడిందంటే ఆ చెమ్మకి బెల్లం నీరుకారిపోతుంది. ఈలోగా అమ్మాలి. ఎప్పుడమ్మాలి? అదీ గొడవ. అలా ఉండగా ఒకరోజు ఎండెక్కకముందే నాయుడు బజారునుంచి పరుగెత్తుకొచ్చి, పై పురికొసకి జానెడు పైన బొట్టు పెట్టేశాడంట. పక్కనే ఆయన బావమరిది గౌరునాయుడు ఎగిరి గంతేశాడు. "కట్ట తెగింది బావా! ఇంక ఆగదు! ఊళ్లో ఉన్న బెల్లమంతా మనమే కొనేద్దాం, ఎడ్లు అమ్మేద్దాం!" ఎడ్లంటే ఏమనుకున్నారు, నాయుడి భార్య అప్పలనరసమ్మ పుట్టింటినుంచి దూడలప్పుడు తోలుకొచ్చి సాకిన జత. నాయుడు పలుపులు విప్పుతున్నాడు కూడానంట. ఆవిడ కుడితి బాల్చీ కిందపెట్టి అడ్డంగా నిలబడి, "ఏటి మావా, ఇది ఎప్పటి ధర?" అంది. పొద్దుటి వేలంలో బోణీ పాట అన్నాడు. "ఎవలు పాడేరు?" కొత్త కొట్టు వర్తకుడంట, ఇవాళే కొబ్బరికాయ కొట్టాడంట. "ఓలమ్మో! కొత్త కొట్టోడు బోణీకి పంతంగా పాడితే, దానికి నా ఎడ్లు అమ్మేస్తావా? రోజూ బజారు మూసేక కదా బొట్టెడతావు? సాయంత్రం దాకా ఆగు. అప్పుడూ తాడు పైనే ఉంటే నేనే తోలుకెళ్లి ఇచ్చొస్తాను." సాయంత్రానికి ఏమైందంటే, ధర మళ్లీ రెండు తాళ్ల మధ్యకి దిగి కూర్చుంది! ఆవిడ తమ్ముడి వంక చూసింది. "నానేటన్నానక్కా? బావే కదా తొందరపడ్డాడు," అని వాడు మెల్లగా జారుకున్నాడంట. నవ్వకండి, ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు ఇలాంటివాడు.

తర్వాత మబ్బులు పట్టాయి. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే అమ్మేసుకున్నారు. ఇంతలో ఒక సాయంత్రం, బజారు మూసేవేళ ధరే, పై తాడు దాటింది! ఈసారి నాయుడికి భయం. "ఇదీ ఉత్తిదేనే. మబ్బు చూడు, రేపే బండి కట్టేద్దాం," అంటాడు. ఆవిడ, "ఇది బోణీ ధర కాదు మావా. వర్తకులు గేటు బయటికొచ్చి బళ్లకి ఎదురెళ్తన్నారని నువ్వే అన్నావు కదా? రేపు సాయంత్రం కూడా చూద్దాం. తాడు మీద నిలబడితే ఉంచుదాం. లోపలికి దిగితే మర్నాడే అమ్మేసి, వచ్చి ఏడుద్దాం," అంది. మర్నాడు గాలి లేచింది, ధరా లేచింది! ఆ పై రోజు ఇంకా లేచింది! గౌరునాయుడు నిచ్చెనెక్కి, చూరు తలకి తగులుతుంటే, "గోడ అయిపోయింది బావా, బొట్టెక్కడెట్టను?" అని ఒకటే కేకలంట. "గోడ అయిపోతే అమ్మే ఏళయినట్టే, దిగరా," అంది అప్పలనరసమ్మ. తెల్లారకుండా బెల్లం బండికెత్తి, పైన తాటాకులు కప్పి, ఆ ఎడ్లని కట్టి తోలారు చూడండి! వెనక ఉరుము, ముందు బజారు గేటు, మధ్యలో బండి! ఒక్క దిమ్మ తడవలేదు. కాటా అయ్యాక పడింది వాన. ఖాళీ బండిమీద ముగ్గురూ నిలువునా తడుస్తూ, పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చారంట.

నేను చూసేనాటికి అప్పలనరసమ్మ బాగా ముసలిది. "అత్తా, ధర పైకే పోతుందని నీకెలా తెలిసింది?" అని అడిగాను. "నాకేటి తెలుసురా? ఆ రెండు తాళ్ల మధ్యనున్నంతసేపూ ఎటెళ్తాదో దానికే తెలీదు. కిందకి దూకి ఉంటే ఆ పూటే అమ్మీసి ఏడిచేదాన్ని," అని చుట్ట వెలిగించుకుంది. ఇప్పుడు మన కుర్రాళ్లు ఫోన్లలో షేర్ల ధరలకి అవే తాళ్లు గీస్తున్నారు. ధర ఇంకా మధ్యలో ఉండగానే పైకని ఒకడు, కిందకని ఒకడు పొద్దస్తమానం కొట్టుకుంటారు. ఆవిడ మాట చెప్తే, నీది పాతకాలం తాతా అంటారు. అననీండి. టీ డబ్బులు మాత్రం నా దగ్గరే అడుగుతున్నారు.