మరక పడని ఓట్లు

అట్టా మొహం తిప్పుకుంటే నేనెవురితో చెప్పుకునేది జీవానందం? బిట్రగుంట స్టేషను దాకా నడిచొచ్చినా నీ కోసరం. ఊరంతా నిన్ను ఓట్లమ్ముకున్నోడు అంటే, నేనన్నానా? ఒక్కనాడన్నా అన్నానా?

కాదని కూడా అనలేదు. అదేగదా నీ కోపం!

మనది చిన్న పార్టీ. కాంగ్రెసోళ్లకీ కమ్యూనిస్టులకీ మధ్యన నలిగేది. ఈ అరవైరెండులో మన గంప గుర్తు గెలుస్తుందని ఎంత ఆశ పెట్టుకున్నా! నలభై ఓట్లతో పోయింది. పాలెం బూతులో ఏజెంటువి నువ్వు. అక్కడ ఆడోళ్ల ఓట్లే మన లెక్కలో కనబడకపాయ. జనం ఇంకెవురి మీద పడతారు? నీకు గుడ్డ ఇచ్చేవాళ్లు లేక, కుట్టుమిషను మూసి మద్రాసు పోతా ఉండావు.

లెక్కింపులో కూర్చున్నది నేను. ఆ ఓట్లు యాడికీ పోలేదయ్యా. నూటపది కాయితాలు, నా కళ్లముందే ఉండాయి. ఒక్కదాని మీదా ముద్ర లేదు. చెల్లవని పక్కన పడేసినారు.

ఎందుకంటావా? పోయిన ఎలక్షన్లలో గుర్తుకొక పెట్టె ఉండె గదా, కాయితం మన పెట్టెలో వేస్తే సరిపోయె. ఈసారి అందరికీ ఒకటే పెట్టె, కాయితం మీదనే ముద్ర కొట్టాలని పార్టీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నేనప్పుడు చించి కూడా చూళ్లా. నాకు నేర్పేదేంది అనుకున్నా! నువ్వు కావలికి పోయినరోజు, మా వాకిట్లో కిరసనాయిలు డబ్బాలకు గుర్తులంటించి ఆడోళ్లకంతా నేర్పినా. "ఎవురేం చెప్పినా కాయితం మీద మరక పడనీబాకండి" అని ఒట్టు కూడా వేయించుకున్నా.

మొన్న పాలెం పిచ్చమ్మ చెప్పింది, ఎంత సంబరంగానో! "ఆఫీసరు ముద్ర చేతికిచ్చినాడన్నా, నేను కొడతానా? తెల్లగా మడిచి వేసొచ్చినా" అని. మేలు చేసినాననే అనుకుంటా ఉంది పిచ్చిది.

చెప్పేద్దామని మూడు మాట్లు మీటింగులో లేచినా. "చెంచురామయ్యన్న ఉండబట్టే పార్టీ ఉంది" అని చప్పట్లు కొట్టినారు. మళ్లీ కూర్చున్నా. నిజం చెబితే పార్టీ లేదు, నేనూ లేను. చెప్పకపోతే నువ్వు లేవు. ఎటూ కదల్లేక చస్తా ఉండానయ్యా.

ఏందట్టా చూస్తావు? కొట్టు, కొడితే పడతా.

నిన్ను ఆపేదానికి వచ్చినాననుకున్నావా? అయ్యో జీవానందం! నువ్వు బండెక్కతావో లేదో చూసుకునేదానికి వచ్చినా.