కుచ్చిళ్ళు పెట్టిన పెరడు

వాన వెలిసిన పొద్దున, పైఇంటి దర్జీ తట్టా పారా పట్టుకుని, రెండిళ్ళ మధ్య వాలు మీద సగం నడిచి సగం జారి, కిందింట్లో ఉండే అక్కగారి పెరట్లోకి దిగాడు. దిగకముందే మాటకి మాట మొదలైంది.

"అది నా మట్టి అంటున్నాను అక్కా."

"నా పెరట్లో ఉన్నది నీ మట్టి ఎలా అవుతుందిరా?"

"నిన్నటిదాకా నా పెరట్లోనే ఉంది కదా. రాత్రి వానకి జారింది."

"నేనేమైనా పిలిచానా? దానంతట అదే వచ్చింది. వచ్చిన చుట్టాన్ని పొమ్మంటామా?"

"పరాచికాలు తర్వాత. ముందు ఆ గుమ్మడిపాదు పక్కకి జరుపు, తవ్వుకోవాలి."

"పాదుని జరపడమేమిట్రా, అదేమన్నా పీటా? కాయ కూడా దిగింది."

"అయితే ఆ కాయా నాదే. ఇదివరకు జారిన నా మట్టి తిని పెరిగింది."

"నా చేతి అన్నం తిని పెరిగావు నువ్వు. అలాగని నిన్ను కోసి కూర వండుకున్నానా?"

"నవ్వులాట కాదక్కా. అంచు కోసుకుపోయి నా కుట్టుపాక దాకా వచ్చింది. ఒక గుంజ గాల్లో వేలాడుతోంది. ఇంకో వాన పడిందంటే పాకా, మిషనూ, పెళ్ళివాళ్ళ బట్టలూ అన్నీ నీ గుమ్మడిపాదు మీదే."

"ఆ అంచున పాక వెయ్యొద్దని అప్పుడే మొత్తుకున్నాను. నా వరండాలో హాయిగా కుట్టుకునేవాడివి."

"హాయిగానా? కుట్టిన ప్రతి లంగా పట్టుకుని అంచు వంకర అన్నావు. అదీ బట్టలిచ్చిన వాళ్ళ ముందు."

"వంకరగా ఉంటే వంకరే అంటారు మరి."

"చూశావా, మళ్ళీ..."

"సరే, సరే, వదిలెయ్. ఆ వాలుకి ఏదో వైద్యం చేశానన్నావుగా?"

"చేశాను. చాళ్ళు తీస్తే నీళ్ళు ఆగుతాయని ఎవరో చెబితే, వానలకి ముందే తీసి పెట్టాను."

"అవేనా? పైనుంచి కిందకి ఉన్నాయేమిట్రా?"

"మరెలా ఉంటాయి? కుచ్చిళ్ళు కదా."

"కుచ్చిళ్ళా?"

"నడుం దగ్గర మొదలైతే పాదాల దాకా పడాలి. అడ్డంగా కుచ్చిళ్ళు పెట్టిన లంగా ఎక్కడైనా చూశావా?"

"ఒరేయ్, వాలుకి లంగా కుట్టావురా నువ్వు. నీళ్ళు ఆగాలంటే చాళ్ళు అడ్డంగా ఉండాలి. నువ్వు వానకి దగ్గరుండి దారి వేసిచ్చావు."

"చూడ్డానికి మాత్రం బాగుంది."

"ఎందుకు బాగుండదు. కుచ్చిళ్ళన్నీ వచ్చి నా గుమ్మం ముందు కుప్పపడ్డాయి."

"సరే, నాదే తప్పు. అడ్డంగానే తీస్తాను. పైన రాళ్ళు పేర్చి గోడ కూడా..."

"గోడ వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. గోడ లేస్తే నీ మొహం కనపడి చావదు."

"కనపడితే వంకర అంటావుగా."

"మొహాన్ని ఎప్పుడూ అనలేదు."

"పోనీ గడ్డి సంగతి చూడు. అది మాత్రం అడ్డంగానే నాటాను. వట్టివేళ్ళ గడ్డి. వేళ్ళు లోతుకి దిగి మట్టిని పట్టుకుంటాయట. అదీ నిలవలేదు. నాటినప్పుడల్లా ఎవరో పీకేస్తున్నారు."

"మేకేమో."

"ఏ మేక?"

"వెనకింటి మేక. దాని నోరు ఊరికే ఉండదు."

"తింటే మేకే అనుకుందును. తినలేదక్కా. వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, ఓ పక్కన వరసగా పెట్టింది."

"పద్ధతిగల మేక."

"ఒక కట్టకి తాడు కూడా కట్టి ఉంది."

"కాఫీ తాగుతావా?"

"కాఫీ వద్దు, ఏమొద్దు. ఇవాళ మళ్ళీ నాటి కాపలా కూచుంటాను. ఆ మేక దొరికిందా, కాళ్ళు విరగ్గొడతాను."

"కాళ్ళెందుకురా పాపం. అసలే మోకాళ్ళ నొప్పులు దానికి."

"మేకకా?"

"ముసలి మేక. నొప్పులు లేకుండా ఉంటాయా? ముందు నీ మిషను సంగతి చూడు. ఇవాళ నాటిన గడ్డి ఇవాళే వేరు పట్టదు. ఈలోగా వాన పడితే?"

"అదే నా దిగులు. రాత్రి వానలో గుంజ పట్టుకుని నిలబడ్డాను. నేను పట్టుకుంటే ఆగుతుందా? ఆ మిషను పోతే నేనేం పెట్టుకుని బతకాలి అక్కా?"

"కిందకి దింపెయ్. నా వరండాలో పెట్టుకో. నీ చోటు అలాగే ఉంది, తుడిచి పెట్టాను."

"ఎప్పుడు తుడిచావు?"

"రోజూ తుడుస్తాను. ఆ టకటక లేక మధ్యాహ్నం కునుకు కూడా పట్టడం లేదు నాకు."

"అంచు వంకర అనవుగా?"

"అనను."

"ఒట్టు?"

"వంకరగా ఉంటే మెల్లిగా అంటాను."

"బట్టలిచ్చిన వాళ్ళ ముందు?"

"వాళ్ళు వెళ్ళాక అంటాను. చాలా?"

"చాలు. కానీ గడ్డి వేరు పట్టేదాకానే. పట్టిన రోజున మిషను ఎత్తుకుని పైకి పోతాను, ఇప్పుడే చెబుతున్నాను."

"అలాగే, వేరు పట్టేదాకానే ఉండు. కాకపోతే ఈసారి కాస్త వదులుగా నాటు నాన్నా. కిందటిసారి గట్టిగా తొక్కి పెట్టావు, పీకలేక నా నడుం పట్టేసింది."