ఉప్పునీళ్ళు నిలిచిన గొట్టం

సభాధ్యక్షులు నల్లశివన్ గారికి, వేదికమీది పెద్దలకు, మన తూత్తుక్కుడి లోహ పరిశోధనశాల మిత్రులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న జెసింతా అక్కకు నా వందనాలు.

పొగిడితే లేచి వెళ్ళిపోతానని జెసింతా మచాదో గారు పొద్దున్నే నన్ను బెదిరించారు. అక్కా, తలుపు దగ్గర మీకిష్టమైన మన ఊరి మక్రూన్ మిఠాయిల పళ్ళెం పెట్టించాను, దాన్ని దాటి వెళ్ళగలిగితే వెళ్ళండి. (నవ్వులు)

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు రాదని ఊరంతా నమ్ముతుంది, వస్తుందని చెప్పి మనం బతుకుతాం. ఉప్పునీటిలో దానిమీద సూదిమొనంత చుక్క పడుతుంది, లోపల మాత్రం గుహలా తొలిచేసి ఉంటుంది. అలాంటి చుక్కలే, సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చి జాలరిపేటకు ఇచ్చే ప్లాంటు గొట్టంలో పడి, ప్రారంభించిన కొన్నాళ్ళకే నీళ్ళు కారాయి. ప్లాంటువాళ్ళు అతుకుల దగ్గర కోసిన ముక్కలు మాత్రమే మనకు పంపారు. వెల్డింగుతో నల్లబడిన చోట శుభ్రం చేయలేదు, అందుకే గుంటలు పడ్డాయని అక్క నివేదిక రాసింది. ఆ ముక్కలే చూస్తే నేనూ అదే రాసేవాణ్ణి. వెల్డింగు చేసిన సుడలైముత్తుకు ఆ తర్వాత ఈ తీరంలో ఎవరూ పని ఇవ్వలేదు.

మరుసటి ఏడు వేరే పనిమీద ప్లాంటుకు వెళ్ళిన అక్క, పక్కన పారేసిన ఆ గొట్టాన్ని చూసింది. అతుకే లేని నడిమధ్యలోనూ అవే గుంటలు! ఆరా తీస్తే, సముద్రపు నీళ్ళతో గొట్టాన్ని పరీక్షించి, వాటిని తీయకుండా వానాకాలమంతా వదిలేశారని తేలింది. కొత్త ముక్కలు తెచ్చి కొన్నిటిని పారే ఉప్పునీటిలో, కొన్నిటిని నిలవ ఉప్పునీటిలో ఉంచి చూసింది. నిలవ నీటిలోవాటికే గుంటలు పడ్డాయి.

"పేచ్చిముత్తూ, పద, సుడలైముత్తు ఇంటికి" అంది నాతో.

వెళ్ళాం. అతను కూర్చోమనలేదు.

"తప్పు నీ అతుకుది కాదయ్యా, నేనే పొరబడ్డాను" అంది అక్క.

"అది నాకు చెప్తారేంటమ్మా? నాకు తెలీదా? ఊరికి చెప్పండి."

లోపల్నుంచి వాళ్ళావిడ, "కాఫీ కలపనా?" అంది.

"వద్దులే, వాళ్ళకి బోలెడు పనులుంటాయి" అన్నాడతను.



ఆ నెలలోనే, మన పరిశోధనశాలకు డబ్బిచ్చేవాళ్ళూ కాంట్రాక్టర్లూ నిండిన సభలో అక్క లేచి, "నా నివేదిక తప్పు. పంపిన ముక్కలు చూశాను, పంపని గొట్టం అడగలేదు" అంది. "ఎందుకు మేడం, మీ పేరు పాడుచేసుకుంటారు?" అని ముందు వరసలోంచి ఒకాయన అన్నాడు. "నా పేరుకేమైందయ్యా? పని లేక కూర్చున్నది ఆయన" అంది.

సుడలైముత్తుకు మెల్లగా పనులు వచ్చాయి. మొన్న ఈ సభకు పిలవడానికి వెళ్ళాను. "ఆవిడమీద కోపం లేదు సార్. చప్పట్లు కొట్టేంత మనసు మాత్రం ఇంకా రాలేదు" అన్నాడు. ఆ మాట అక్కకు చెబితే, "నిజం చెప్పాడు" అని ఊరుకుంది.

ఆ రోజు అతని ఇంటినుంచి తిరిగి వస్తూ అక్క నన్ను, "ఆ నివేదిక నువ్వు రాసి ఉంటే వచ్చేవాడివా?" అని అడిగింది. బస్సు వచ్చింది, ఎక్కేశాం. ఈ రోజు ఇంతమంది ముందు నిలబడి కూడా, అవునని గట్టిగా అనలేకపోతున్నాను అక్కా.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.